‘తన’ అంటే ఎవరు? ఒక వాక్య సవరణ ప్రశ్నను మూడుసార్లు రాయవలసి వచ్చిన వైనం

ప్రామాణిక పరీక్షల్లో తెలుగు భాషా విభాగానికి ప్రశ్నలు రాయడం, ఇతరులు రాసినవాటిని పరిశీలించడం నా పని. ఇచ్చిన నాలుగు వాక్యాల్లో అత్యంత స్పష్టమైనదాన్ని గుర్తించమనే ప్రశ్నలు ఈ విభాగంలో తప్పనిసరిగా ఉంటాయి. రాసేవారికి ఇవి చాలా తేలికగా కనిపిస్తాయి. వ్యాకరణ దోషం ఉన్న వాక్యం ఒకటి, వాడుకలో లేని పదబంధం ఒకటి, మరీ సాగదీసిన వాక్యం ఒకటి, వీటి మధ్య సరైనది ఒకటి పెడితే ప్రశ్న తయారైపోయినట్టే ఉంటుంది. నేను రాసిన అలాంటి ప్రశ్న ఒకటి ప్రయోగాత్మక పరీక్షలో, అంటే అసలు పరీక్షకు ముందు కొద్దిమంది అభ్యర్థులతో ప్రశ్నలను సరిచూసుకునే పరీక్షలో, ఎలా బోల్తా పడిందో, దాన్ని నిలబెట్టడానికి ఏమేం చేయవలసి వచ్చిందో ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాను. తప్పు నాదే కనుక దాచవలసిన అవసరం నాకు లేదు. ప్రశ్న పాఠాన్ని మాత్రం పోలిక చెడకుండా కొద్దిగా మార్చాను.

మొదటి రూపం

అసలు ప్రశ్నలో ఇచ్చిన వాక్యం ఇది: “వార్షిక లెక్కలను పరిశీలించిన ఆడిటరు తన నివేదికను ఆలస్యంగా పంపినందుకు అకౌంటెంటును మందలించారు.” ఇందులో ‘తన’ నుంచి చివరి వరకు గీత గీసి, ఆ భాగానికి అత్యంత స్పష్టమైన రూపాన్ని గుర్తించమని అడిగాను. ఆప్షన్లు నాలుగు.

మొదటిది, మార్పేమీ లేకుండా అదే వాక్యం.
రెండోది, “తన నివేదిక ఆలస్యంగా పంపబడినందుకు అకౌంటెంటును మందలించడం జరిగింది.”
మూడోది, “నివేదిక ఆలస్యమైనందుకు అకౌంటెంటును మందలించారు.”
నాలుగోది, “అకౌంటెంటు తన నివేదికను ఆలస్యంగా పంపినందుకు ఆయనను మందలించారు.”

నా కీ, అంటే సరైన జవాబుగా నేను పెట్టుకున్నది, నాలుగోది. నివేదికను ఎవరు పంపారో ఆ ఒక్క వాక్యంలోనే కర్త పేరుతో సహా ఉంది కాబట్టి సందేహానికి తావు లేదని నా ధీమా. మూడోదాన్ని, విషయంలో కొంత వదిలేసిన వాక్యంగా, అంటే తప్పు ఆప్షన్‌గా పెట్టాను. పొట్టిగా ఉన్నదల్లా స్పష్టంగా ఉన్నదేనని నమ్మే అభ్యర్థిని పట్టుకోవడానికి అది వల.

ఈ అచ్చును నేను ఇంగ్లిషు పరీక్షల నుంచి తెచ్చుకున్నానని ఒప్పుకోవాలి. మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన జీమ్యాట్‌లో చాలా ఏళ్లు సాగిన వాక్య సవరణ ప్రశ్నల్లో ఐదు ఆప్షన్లు ఉండేవి. మొదటిది ఎప్పుడూ అసలు వాక్యాన్నే యథాతథంగా తిరిగి ఇచ్చేది. వ్యాకరణ దోషం లేకపోవడం ఒక్కటే కాక, స్పష్టత, కచ్చితత్వం కూడా ఉండాలని, ఎబ్బెట్టుతనం, సందిగ్ధత, పునరుక్తి వీలైనంత తక్కువగా ఉండాలని ఆ ప్రశ్నల సూచనల్లోనే రాసి ఉండేది. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో ఆ రకం ప్రశ్నలను పూర్తిగా తీసేశారు. పాత రూపం 2024 జనవరితో ముగిసింది. అచ్చు పాతబడిపోయినా, ప్రశ్నలు రాసేవారి చేతికి అది అలవాటైపోయింది. ఇంగ్లిషులో ‘అతని నివేదిక’ అన్న మాట ఇద్దరిలో ఎవరిదో తెలియనప్పుడు సర్వనామం బదులు పేరు పెడితే చాలావరకు చిక్కు విడిపోతుంది. తెలుగులో కూడా పేరు పెడితే చాలునని నేను అనుకున్నాను. చిక్కు ఒక్క సర్వనామంలోనే లేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

తొలి ప్రయోగం

ప్రయోగాత్మక పరీక్ష తరవాత ప్రతి ప్రశ్నకూ రెండు లెక్కలు చూస్తాం. ఎంతమంది సరిగా రాశారన్నది మొదటిది. మొత్తం పరీక్షలో బాగా రాసినవారు, సరిగా రాయలేనివారు ఈ ప్రశ్న దగ్గర వేరుపడ్డారా అన్నది రెండోది. రెండోదానికి మొత్తం మార్కులను బట్టి అభ్యర్థుల్లో పై 27 శాతాన్ని, కింది 27 శాతాన్ని విడదీసి, ఒక్కో గుంపులో సరిగా రాసినవారి వాటా ఎంతో చూసి, పై గుంపు వాటా నుంచి కింది గుంపు వాటాను తీసివేస్తాం. ఆ తేడా 0.40 దాటితే ప్రశ్న చాలా మంచిదని, 0.20కి తగ్గితే తిరగరాయాలని లేదా పక్కన పెట్టాలని ప్రశ్నల విశ్లేషణలో చాలాకాలంగా పాటిస్తున్న కొలత. మా ప్రయోగాల్లో అభ్యర్థుల సంఖ్య చిన్నది కనుక ఈ అంకెలు తీర్పు చెప్పవు, వేలెత్తి చూపిస్తాయి అంతే.

ఈ ప్రశ్న విషయంలో ఆ వేలు గట్టిగానే చూపించింది. తేడా సున్నాకు కాస్త దిగువన ఉంది. అంటే పరీక్షలో వెనకబడినవారే నా కీని కొంచెం ఎక్కువగా ఎంచుకున్నారు. పై గుంపులో సగం కంటే ఎక్కువమంది మూడో ఆప్షన్‌కు వెళ్లారు. పొట్టి వాక్యానికి మోసపోయే అభ్యర్థి కోసం వేసిన వలలో చదువరులే పడ్డారన్న మాట. ఇలాంటప్పుడు ప్రశ్న రాసినవారికి మొదట కలిగే ఆలోచన ‘అభ్యర్థులు సరిగా చదవలేదు’ అన్నదే. నాకూ అదే కలిగింది. అయితే పై గుంపు మొత్తం పరీక్షను బాగా చదివి రాసిన గుంపు కనుక ఆ వాదన ఒక పూట కూడా నిలవలేదు.

నాకన్నా చాలా ముందు నుంచి ఈ పనిలో ఉన్న ఒక సహోద్యోగికి ప్రశ్న చూపించాను. ఆమె ఆప్షన్ల జోలికి పోకుండా ఒక్క ప్రశ్నే అడిగారు: “మీ కీ ప్రకారం నివేదిక ఎవరిదండీ?”

“అకౌంటెంటుదే కదా మేడం, కర్తగా ఆయన పేరే ఉంది.”

“నాకు ఆడిటరుది అనిపించింది. ఆడిటరు రాసిన నివేదికను పైవారికి పంపే బాధ్యత అకౌంటెంటుది, ఆయన ఆలస్యం చేశారు, ఆడిటరుకు కోపం వచ్చింది. మీ వాక్యం నన్ను ఎక్కడ ఆపింది చెప్పండి?”

ఎక్కడా ఆపలేదు. ఆడిటరుకూ ఒక నివేదిక ఉంటుంది, అకౌంటెంటుకూ ఒకటి ఉంటుంది. ‘తన’ అన్నది తెలుగులో దగ్గరి కర్తనూ చూపుతుంది, వాక్యం మొత్తానికి కర్త అయినవారినీ చూపుతుంది. “ఆడిటరు, అకౌంటెంటు తన నివేదికను ఆలస్యంగా పంపినందుకు” అన్నప్పుడు పంపినవారు అకౌంటెంటే అయినా, నివేదిక మాత్రం ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. స్పష్టతకు నమూనాగా నేను పెట్టిన కీ వాక్యంలోనే సందిగ్ధత కూర్చుని ఉంది.

అభ్యర్థుల మాటల్లో

పత్రాల మీద లెక్కలు ఏ ఆప్షన్ ఎంచుకున్నారో చెబుతాయి కానీ ఎందుకో చెప్పవు. అందుకని ప్రయోగంలో పాల్గొన్నవారిలో ఆరుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, ప్రశ్నను మళ్లీ చదువుతూ మనసులో మెదిలేదాన్ని పైకి చెప్పమన్నాను. ఈ పద్ధతి నిదానమైనది. అభ్యర్థికి మధ్యలో ఏ సాయమూ చేయకుండా, ముఖంలో కూడా ఏమీ కనిపించనీయకుండా కూర్చోవడం అనుకున్నదానికన్నా కష్టం.

మూడోదాన్ని ఎంచుకున్న అభ్యర్థి చెప్పింది ఇది: “నాలుగోదానిలో ‘తన’ మళ్లీ వచ్చింది. మూడోదానిలో అసలు లేదు. లేనిదానితో గొడవ ఉండదు కదండీ.” ఇది మోసపోయిన అభ్యర్థి మాట కాదు. నేను గుర్తించని దోషాన్ని గుర్తించి, అది లేని వాక్యాన్ని వెతుక్కున్న అభ్యర్థి మాట. మరొకరు నాలుగో ఆప్షన్‌ను అసలు వాక్యంలో అతికించి చదివి, “వార్షిక లెక్కలను పరిశీలించిన ఆడిటరు, అకౌంటెంటు...” దగ్గర ఆగి, ఇద్దరూ కలిసి పరిశీలించారేమో అనుకున్నానని చెప్పారు. రెండు నామవాచకాలు ప్రథమా విభక్తిలో పక్కపక్కన కామాతో నిలబడితే తెలుగు పాఠకుడు వాటిని జాబితాగానే మొదట అందుకుంటాడు. ఆ తడబాటును నేను రాసేటప్పుడు వినలేదు, ఎందుకంటే ఎవరు ఎవరో నాకు ముందే తెలుసు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మొదటి ఆప్షన్‌ను, అంటే మార్పులేని వాక్యాన్ని, ఎంచుకున్న ఇద్దరి సమాధానాలు. ఒకరు, “చదివితే ఎక్కడా తట్టుకోలేదు, అందుకే మార్చక్కర్లేదనుకున్నాను” అన్నారు. నివేదిక ఎవరిదని అడిగితే తడుముకోకుండా అకౌంటెంటుది అన్నారు. రెండో వ్యక్తి కూడా అదే ఆప్షన్‌ను అదే కారణంతో ఎంచుకున్నారు. నివేదిక ఎవరిదని అడిగితే అంతే తడుముకోకుండా ఆడిటరుది అన్నారు. ఇద్దరికీ వాక్యం స్పష్టంగానే ఉంది, కాకపోతే ఆ స్పష్టత ఇద్దరికీ వేరువేరు. సందిగ్ధ వాక్యం చదివేవారికి సందిగ్ధంగా అనిపించదు. మనసు రెండు అర్థాల్లో ఒకదాన్ని తీసుకుని రెండోది ఉందన్న సంగతి కూడా తెలియకుండా ముందుకు సాగిపోతుంది. కాబట్టి చెవికి సాఫీగా వినిపించిందా లేదా అన్నది ఈ రకం ప్రశ్నల్లో పనికొచ్చే పరీక్ష కాదు. ఎవరు, ఎవరిది, ఎప్పుడు అని వాక్యాన్ని విడివిడిగా అడిగి, ప్రతిదానికీ వాక్యంలోంచే సమాధానం దొరుకుతుందో లేదో చూడటమే పనికొచ్చే పరీక్ష. ఆ రోజు నుంచి నేను రాసిన ప్రతి ఆప్షన్‌ను ఇద్దరికి విడివిడిగా ఇచ్చి ఈ మూడు ప్రశ్నలు అడుగుతున్నాను.

దోషం ఎక్కడుంది

మొదట దోషం ‘తన’లోనే ఉందనుకుని దాన్ని తీసేస్తే సరిపోతుందని చూశాను, సరిపోలేదు. తెలుగు వాక్యంలో ఈ చిక్కుకు మూడు మూలాలున్నాయి. ‘తన’ ఇద్దరు కర్తల్లో ఎవరినైనా చూపగలగడం మొదటిది. కర్తను చెప్పకుండా వదిలేయగలగడం రెండోది. “ఆలస్యంగా పంపినందుకు” అన్న భాగంలో పంపినవారు ఎవరో మాటల్లో లేదు, ఊహకు వదిలేశాం. మూడోది, పైకి కనిపించనిది, అసమాపక రూపాల స్వభావం. సమాపక క్రియ లింగ వచనాలను చెబుతుంది కనుక ‘మందలించాడు’, ‘మందలించింది’ అన్న తేడాతో కొన్నిసార్లు కర్తను పట్టుకోవచ్చు. ‘పంపినందుకు’, ‘పంపి’, ‘పంపితే’ లాంటి రూపాల్లో ఆ గుర్తు ఏదీ ఉండదు. పైగా గౌరవ వాచకంగా ‘మందలించారు’ అన్నప్పుడు సమాపక క్రియలో ఉన్న ఆ కొద్దిపాటి ఆధారం కూడా పోతుంది. ఇంగ్లిషు అచ్చులో తెలుగు వాక్యాన్ని పోసినప్పుడు నేను చూడనివి ఈ రెండోది, మూడోది.

అయితే ఇవన్నీ సవరించినా ప్రశ్న నిలబడదు. అసలు దోషం ఆప్షన్లలో లేదు, ప్రశ్న నిర్మాణంలో ఉంది. ఇచ్చిన వాక్యానికే రెండు అర్థాలు ఉన్నప్పుడు, ఏ ఆప్షన్ దాన్ని స్పష్టంగా చెప్పిందని తేల్చడానికి ప్రమాణం ఏది? నివేదిక అకౌంటెంటుదని చెప్పే ఆప్షన్ ఒక అర్థానికి స్పష్టమైనది. ఆడిటరుదని చెప్పేది రెండో అర్థానికి స్పష్టమైనది. ఎవరిదో చెప్పకుండా వదిలేసిన మూడో ఆప్షన్ రెంటికీ సరిపోతుంది. పై గుంపు దాన్ని ఎంచుకోవడం ఒక విధంగా న్యాయమే. రచయిత ఏం చెప్పదలిచాడో తెలియకుండా దేన్ని స్పష్టంగా చెప్పాలన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఇంగ్లిషు పరీక్షలకు సిద్ధమయ్యేవారిలో చాలామంది అసలు వాక్యపు అర్థాన్నే చివరిదాకా పట్టుకుని వేలాడేవారు. అసలు వాక్యమే తర్కానికి నిలవనిదైతే ఆ పట్టు వారిని కాపాడేది కాదు. ప్రశ్న రాసేవారి వైపు నుంచి చూస్తే ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ: అభ్యర్థి ఊహించవలసిన అర్థాన్ని మేమూ ఊహించుకునే కీ రాస్తున్నాం.

రెండో రూపం

తిరగరాసేటప్పుడు మొదట పెట్టింది సందర్భ వాక్యం. “అకౌంటెంటు తయారుచేసి పంపవలసిన ఖర్చుల నివేదిక గడువు దాటిన వారం తరవాత ఆడిటరుకు చేరింది, ఆడిటరు ఆ రోజే అకౌంటెంటుకు చీవాట్లు పెట్టారు.” ఇది చదివాక నివేదిక ఎవరిది, ఎవరు పంపారు, ఏది ఆలస్యమైంది అన్న మూడింటిలో ఒక్కటీ సందేహంగా మిగలదు. సూచనను కూడా మార్చాను. “అత్యంత స్పష్టమైన వాక్యాన్ని గుర్తించండి” అన్నదాన్ని తీసేసి, “పై విషయాన్ని మరో అర్థానికి తావు లేకుండా చెప్పిన వాక్యం ఏది?” అని పెట్టాను. ‘అత్యంత స్పష్టమైన’ అన్న మాటకు ఒక్కో అభ్యర్థి ఒక్కో అర్థం చెప్పుకుంటున్నాడని ఆరుగురి మాటల్లోనే తేలిపోయింది. ఒకరికి అది పొట్టిది, ఒకరికి అది గంభీరమైనది, ఒకరికి అది పత్రికలో కనిపించేది.

కొత్త ఆప్షన్లు ఇవి.

మొదటిది, “ఆడిటరు తన నివేదికను ఆలస్యంగా పంపినందుకు అకౌంటెంటును మందలించారు.”
రెండోది, “ఖర్చుల నివేదికను పంపినందుకు అకౌంటెంటును ఆడిటరు ఆలస్యంగా మందలించారు.”
మూడోది, “ఆయన ఖర్చుల నివేదికను ఆలస్యంగా పంపినందుకు అకౌంటెంటును ఆడిటరు మందలించారు.”
నాలుగోది, “ఖర్చుల నివేదికను ఆలస్యంగా పంపినందుకు అకౌంటెంటును ఆడిటరు మందలించారు.”

కీ నాలుగోది. తప్పు ఆప్షన్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణమే ఉండాలన్నది ఈసారి పెట్టుకున్న నియమం. మొదటిదానిలో ‘తన’. రెండోదానిలో ‘ఆలస్యంగా’ అన్న క్రియావిశేషణం చోటు మారి, ఆలస్యం నివేదికది కాక మందలింపుది అయిపోయింది. వాక్యం వ్యాకరణబద్ధంగా ఉంది, చదవడానికి హాయిగా ఉంది, చెప్పేది మాత్రం వేరు. మూడోదాన్ని రాయడానికి ఎక్కువ సమయం పట్టింది. ‘ఆయన’ అన్న మాట ప్రథమా విభక్తిలోనూ షష్ఠి అర్థంలోనూ ఒకే రూపంలో ఉంటుంది కనుక, ‘ఆయన పంపారు’ అనీ, ‘ఆయనకు చెందిన ఖర్చుల నివేదిక’ అనీ రెండు విధాలా చదవవచ్చు. ‘ఆమె’ విషయంలోనూ అంతే. ‘అతడు’, ‘అతని’ అన్నప్పుడు ఈ చిక్కు రాదు. గౌరవం ఇవ్వబోయి స్పష్టతను పోగొట్టుకునే చోట్లలో ఇదొకటి.

పాత రెండో ఆప్షన్‌లోని ‘మందలించడం జరిగింది’ని తీసేయడం మీద మాలో కొంత చర్చ నడిచింది. ఆ ప్రయోగం నాకు బొత్తిగా నచ్చదు. రాతలో ఎక్కడ కనిపించినా కొట్టేస్తాను. అయినా ఒక విషయం వికారంగా ఉండటం వేరు, అస్పష్టంగా ఉండటం వేరు. ‘ఆడిటరు అకౌంటెంటును మందలించడం జరిగింది’ అన్న వాక్యంలో ఎవరు ఎవరిని మందలించారో తెలుస్తూనే ఉంది. ఆఫీసు ఉత్తరాల మధ్య పెరిగిన అభ్యర్థికి అందులో తప్పేమీ కనిపించదు. ఆ అభ్యర్థికి మార్కు తగ్గిస్తే నేను పరీక్షించింది స్పష్టతను కాదు, నా అభిరుచిని. ‘పంపబడినందుకు’ మాట వేరు: కర్మణి వాక్యంలో కర్త కనబడకుండా పోతాడు కనుక అది నిజంగానే స్పష్టతకు సంబంధించిన దోషం. కానీ రెండు దోషాలు ఒకే ఆప్షన్‌లో ఉంటే అభ్యర్థి దేనివల్ల దాన్ని తోసిపుచ్చాడో మనకు తెలియదు. అందుకని ఆ ఆప్షన్ మొత్తాన్నీ వదిలేశాను.

రెండో ప్రయోగం, మూడో రూపం

రెండో ప్రయోగంలో పై గుంపు, కింది గుంపు చక్కగా విడిపోయాయి. పై గుంపులో చాలామంది కీకే వచ్చారు. కింది గుంపు ఎక్కువగా రెండో ఆప్షన్‌కూ మూడో ఆప్షన్‌కూ పంచుకుపోయింది. అంకెలు చూసి సంతోషించి పక్కన పెట్టేయవలసిన ప్రశ్నే. అయితే మొదటి ఆప్షన్‌ను దాదాపు ఎవరూ ముట్టుకోలేదన్నది నన్ను కొంత ఇబ్బంది పెట్టింది. తొలి ప్రయోగంలో కింది గుంపును బాగా ఆకర్షించిన ‘తన’ వాక్యం ఇప్పుడు హఠాత్తుగా ఎందుకు ఎవరికీ పనికిరాకుండా పోయింది?

మళ్లీ ఇద్దరిని కూర్చోబెట్టి అడిగితే కారణం వెంటనే తేలింది. “సందర్భంలో ఖర్చుల నివేదిక అని ఉంది, మూడింటిలోనూ ఆ మాట ఉంది, మొదటిదానిలో లేదు, అందుకే కొట్టేశాను” అన్నారు ఒకరు. అంటే ‘తన’లోని సందిగ్ధతను ఎవరూ చూడనేలేదు. మాటలు సరిపోల్చి ఒక ఆప్షన్‌ను తీసేశారు. చదవకుండానే తోసేయగలిగిన ఆప్షన్ ఉన్నప్పుడు అది నాలుగు ఆప్షన్ల ప్రశ్న కాదు, మూడు ఆప్షన్ల ప్రశ్న. సందర్భ వాక్యం పెట్టినప్పుడు వచ్చే ప్రమాదం ఇదేనని ముందే ఊహించి ఉండవలసింది.

సవరణ ఒక్క మాటే. మొదటి ఆప్షన్‌ను “ఆడిటరు తన ఖర్చుల నివేదికను ఆలస్యంగా పంపినందుకు అకౌంటెంటును మందలించారు” అని మార్చాను. ఇప్పుడు నాలుగింటిలోనూ అదే పదబంధం ఉంది, పొడవు కూడా ఇంచుమించు ఒకటే. మొదటిదాన్ని తోసిపుచ్చాలంటే ఆ ఖర్చులు, ఆ నివేదిక ఎవరివని అభ్యర్థి ఆగి తనను తాను అడగక తప్పదు. మూడో ప్రయోగంలో ఆ ఆప్షన్ కింది గుంపులో కొందరిని తనవైపు లాక్కుంది, పై గుంపును పెద్దగా కదిలించలేదు. ప్రశ్న కొంచెం కష్టమైంది. కష్టం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

మిగిలిన ప్రశ్నలపై ప్రభావం

ఈ అనుభవం తరవాత అదే పరీక్షకు సిద్ధంగా ఉన్న మిగతా వాక్య సవరణ ప్రశ్నలన్నింటినీ వెనక్కి తెప్పించి మళ్లీ చదివాం. రెండు ప్రశ్నల్లో ఇదే జబ్బు వేరే రూపంలో ఉంది. ఒకదానిలో “సభ్యులందరూ సమావేశానికి రాలేదు” అన్న వాక్యం కీగా ఉంది. కొందరే వచ్చారనా, ఒక్కరూ రాలేదనా? రాసినవారి ఉద్దేశం మొదటిది, పరిశీలించిన ఇద్దరిలో ఒకరు రెండోది అనుకున్నారు. “సభ్యుల్లో కొందరే సమావేశానికి వచ్చారు” అని కీని మార్చి, ఎంతమంది వచ్చారో చెప్పే సందర్భ వాక్యాన్ని పైన చేర్చాం. రెండోదానిలో “అన్నలాగా తమ్ముడు అప్పులు చేయడు” అన్న వాక్యం ఉంది. అన్న అప్పులు చేస్తాడో చేయడో ఆ వాక్యం చెప్పదు. ‘లాగా’ వ్యతిరేక క్రియతో కలిసినప్పుడు పోలిక ఉన్నదానికా లేనిదానికా అన్నది తేలదు. మాట్లాడేటప్పుడు స్వరం తేల్చేస్తుంది కనుక మనకు ఇది సాధారణంగా ఎదురుకాదు. కాగితం మీద స్వరం లేదు. ఆ ప్రశ్నను ఎంత సవరించినా సహజంగా అనిపించే నాలుగు ఆప్షన్లు కుదరక చివరికి వదులుకున్నాం.

‘తన’ ప్రశ్న ఇప్పుడు మూడో రూపంలో ప్రశ్నల నిధిలో ఉంది. దాని పక్కన పరిశీలకుల గడిలో నా సహోద్యోగి పెన్సిలుతో రాసిన మాట ఒకటి అలాగే ఉంచాను: “నాలుగోదానిలో నివేదిక ఎవరికి పంపారు?” ఆ వాక్యంలో దానికి జవాబు లేదు, సందర్భ వాక్యంలో ఉంది.